మీ మావయ్యతో చెప్పు

మా ఇంట్లో సమ్మె బెల్లం అని ఒక పదార్థం ఉండేది. అది ఏ కొట్లోనూ దొరికేది కాదు, మరో ఇంట్లో ఉన్నట్టు కూడా నేను వినలేదు. వంటింటి అటక మీద, మూతికి గుడ్డ కట్టిన మట్టికుండలో ఉండేది. నల్లగా, బంకగా ఉండేది. నాలిక మీద పెట్టుకుంటే ముందు తీపి, దాని వెనకే పులుపు, చివర్న కాస్త చేదు. ఇంట్లోవాళ్ళం ఎవరం దాన్ని ముట్టుకునేవాళ్ళం కాదు. అది ఒకే ఒక్క మనిషి కోసం దాచిన బెల్లం. ఆ మనిషి మా అమ్మకి సొంత తమ్ముడు, నాకు మేనమామ.

దాని సంగతి చెప్పాలంటే ముందు ఫ్యాక్టరీ గురించి చెప్పాలి. మా ఊరికి దగ్గర్లో, కాలవ గట్టు పక్కన ఒక పంచదార ఫ్యాక్టరీ ఉండేది. సామర్లకోటలో ఉన్నది కాదు. అంతకంటే బాగా చిన్నది, ఇప్పుడు లేదు కూడా. మా చుట్టుపక్కల ఊళ్ళ చెరకంతా అందులోకే వెళ్ళేది. సీజను మొదలయిందంటే, పంచదార తీశాక మిగిలే మడ్డి వాసన గాలితో పాటు వచ్చి ఇంట్లో తిష్ట వేసేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతేనే బెంగగా ఉండేది. నాన్న రైతు, ఏటా ఆ ఫ్యాక్టరీకే చెరకు తోలేవాడు. మావయ్య అక్కడే బాయిలర్ దగ్గర పని చేసేవాడు, యూనియన్‌లో గట్టి మనిషి. చెరకు మా ఆయనది, దాన్ని ఉడికించే నిప్పు మా తమ్ముడిది అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఆ మురిపెం ఒక్క సమ్మెతో తీరిపోయింది. తొంభైల మొదట్లో, నేను హైస్కూల్లో చదువుతున్నప్పటి మాట. సీజను మంచి ఊపులో ఉండగా ఒకరోజు పొద్దున్నే యూనియన్ వాళ్ళు మిల్లు ఆపేశారు. అప్పటికే నాన్న చెరకు కోయించి, బళ్ళకెత్తించి, ఫ్యాక్టరీ యార్డులో వరసలో నిలబెట్టి ఉన్నాడు. చెరకు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. చేలో నిలబడి ఉన్నంత కాలం అది ఎంత ఓపికైనా పడుతుంది. కోశాక మాత్రం ఆగదు. రసం ఇగిరిపోతుంది, తూకం పడిపోతుంది, పులిసిపోతుంది. అందుకే ఫ్యాక్టరీ వాళ్ళు కటింగ్ ఆర్డర్ ఇస్తేగానీ ఏ రైతూ చేలో కత్తి పెట్టడు. ఇవాళ కోసింది రేపటికల్లా మిల్లులో పడాలి.

నాన్న గేటు దగ్గరికి వెళ్ళి, జెండా పట్టుకుని నిలబడ్డ మావయ్యని పక్కకి పిలిచాడట.

"ఇదంతా కోసేసిన చెరకురా. యార్డులో ఉన్నంతవరకూ ఆడించేసి, ఆ తర్వాత మీకిష్టమొచ్చినన్నాళ్ళు ఆపుకోండి."

"నావల్ల కాదు బావా. ఆపాక ఆపినట్టే. నీ బళ్ళు లోపలికి పంపిస్తే రేపు నన్ను అందరూ ఏమంటారు?"

"నా బళ్ళన్నానా? అందరివీ అన్నాను."

మావయ్య జెండా వైపు చూస్తూ నిలబడ్డాడట. నాన్న బళ్ళు వెనక్కి తిప్పించేశాడు.

ఇంటికొచ్చిన వడిలిన చెరకుని పక్కూరి గానుగలో ఆడించి బెల్లం వండించారు. వడిలిన చెరకుతో బెల్లం ఎలా వస్తుందో వండినవాడు ముందే చెప్పాడు, అలాగే వచ్చింది. కొనడానికొచ్చిన వ్యాపారి ఒక పలుకు నోట్లో వేసుకుని, నాన్న మీద గౌరవం కొద్దీ ఉమ్మెయ్యకుండా వెళ్ళిపోయాడు. పారబొయ్యడానికి నాన్న ఒప్పుకోలేదు. దాంతో ఆ ఏడాదంతా మా ఇంట్లో కాఫీ నలుపు, బూరెల్లో పూర్ణం నలుపు, పరవాన్నం నలుపు. నా పుట్టినరోజుకి అమ్మ పరవాన్నం చేస్తే, మా చిన్నాన్న గిన్నెలోకి తొంగి చూసి పులుసు అనుకుని వేడన్నంలో పోసుకోబోయాడు. చివరికి ఒక కుండెడు మిగిలింది. నాన్న దాని మూతికి తనే గుడ్డ కట్టి అటకెక్కించి, "ఇది మీ తమ్ముడికి" అన్నాడు అమ్మతో.

ఆ రోజు నుంచి నాన్నకీ మావయ్యకీ మాటలు లేవు. రాకపోకలు మాత్రం మానలేదు. అమ్మ ముఖం చూసి మావయ్య ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిలేసుకుని వచ్చేవాడు. అరుగు మీద నాన్న పక్కనే కూచునేవాడు. ఇంటికొచ్చిన మనిషికి కాళ్ళకి నీళ్ళిచ్చి, ఆ తర్వాత మంచినీళ్ళతో పాటు చిన్న బెల్లం ముక్క పెట్టడం మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్న అలవాటు. మావయ్య కూచోగానే నాన్న నావైపు తిరిగి, "మీ మావయ్యకి బెల్లం పెట్టు" అనేవాడు. ఏ కుండలోదో చెప్పక్కర్లేదు. మావయ్య ఆ ముక్కని నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "మీ నాన్నగారితో చెప్పమ్మా, బెల్లం బావుందని" అనేవాడు. మొహం మాత్రం పచ్చి కాకరకాయ నమిలినట్టు ఉండేది.

అలా నాకు చిన్నప్పుడే ఒక ఉద్యోగం దొరికింది. ఇద్దరి మధ్యా మాటలు మొయ్యడం.

"మీ మావయ్యతో చెప్పు, ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారట."

"మీ నాన్నగారితో చెప్పమ్మా, అవి మన కాలవకి చేరేసరికి ఇంకా టైం పడుతుంది, నారుకి తొందరపడొద్దని."

"తొందర నాకేం లేదని చెప్పు."

ఇద్దరూ ఒకే అరుగు మీద, ఒకే పేపరు చెరో సగం చదువుకుంటూ కూచుని ఉండేవాళ్ళు. మొదట్లో నేను ప్రతి మాటనీ తిరిగి అప్పచెప్పేదాన్ని. కొన్నాళ్ళకి బద్ధకం వేసి "ఊఁ" అనడం మొదలుపెట్టాను. దాంతోనే పని జరిగిపోయేది. నేను ఇంట్లో లేనప్పుడు ఇద్దరూ గేదెకి చెప్పుకునేవాళ్ళని అమ్మ అనేది. అమ్మకి కొంచెం ఎక్కువ చేసి చెప్పే అలవాటు ఉంది కానీ, ఈ మాట నేను నమ్మాను.

ఆ బెల్లం సంగతి ఊరంతటికీ తెలుసు. ఒకసారి ఎండలో వచ్చిన పోస్ట్‌మ్యాన్ మంచినీళ్ళు అడిగితే, అమ్మ తొందరలో, ఆదివారానికని కిందకి దించి ఉంచిన కుండలోంచి తీసి పెట్టేసింది. ఆయన ఆ ముక్క చూసి గతుక్కుమన్నాడు. "నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగాడు పాపం. అమ్మ నాలిక కరుచుకుని లోపలికి పరిగెత్తి తెల్లబెల్లం తెచ్చింది.

ఇలా ఏళ్ళు గడిచాయి. నేను రాజమండ్రి కాలేజీకి ప్యాసింజర్ రైల్లో తిరుగుతూ కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తి చేశాను. ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టి ఎదురు చూస్తే, చాలాకాలం ఏమీ రాలేదు. వచ్చినప్పుడు రెండూ ఒక్క వారంలోనే వచ్చాయి. ఒకటి భీమవరం వైపు రొయ్యల మేత తయారుచేసే కంపెనీ ల్యాబ్‌లో. రెండోది, ఇంకెక్కడ, మా పంచదార ఫ్యాక్టరీ ల్యాబ్‌లో. ఆ ల్యాబ్‌లో అంతకు ముందు ఆడవాళ్ళెవరూ పని చెయ్యలేదు. ఇంట్లో పండగ చేసుకోవాల్సింది పోయి అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నాన్న ఆ సాయంత్రం నన్ను చేలోకి తీసుకెళ్ళాడు. ఏదైనా ముఖ్యమైన మాట ఉంటే నాన్న అరుగు మీద మాట్లాడడు, గట్టు మీదే మాట్లాడతాడు.

"అమ్మలూ, రొయ్యల కంపెనీకి వెళ్ళు. దూరమైతే హాస్టల్లో ఉండు. ఆ ఫ్యాక్టరీ మాత్రం వద్దు."

"ఎందుకు నాన్నా? ఇంట్లో ఉండి వెళ్ళి రావచ్చు కదా."

"అక్కడ చేరిన మర్నాడే యూనియన్‌లో పేరు రాస్తారు. రేపు సమ్మె అంటే నువ్వూ జెండా పట్టుకుని నా బళ్ళకి అడ్డంగా నిలబడాలి. నిలబడకపోతే నిన్ను వాళ్ళు బతకనివ్వరు, నిలబడితే నేను నీతో మాట్లాడను. ముందే చెప్తున్నాను, అలగడం కాదు ఇది. చేరితే నీతోనూ మాటలుండవు."

ఇంకెవరైనా అంటే నవ్వేసేదాన్ని. కానీ నాన్న మాట మీద ఎంత గట్టిగా నిలబడతాడో ప్రతి ఆదివారం మా అరుగు మీద కళ్ళారా చూస్తున్నదాన్ని. పైగా నాన్న మాట్లాడకపోవడం నాకు చిన్న విషయం కాదు. ఊళ్ళో అందరితో కలిపి మాట్లాడేదాని కంటే ఎక్కువ నాతోనే మాట్లాడేవాడు. పొద్దున్నే స్టేషన్ దాకా సైకిల్ మీద దింపుతూ దారిపొడుగునా ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు, ఎవరి నడక ఎలా ఉంటుందో చేసి చూపించబోయి సైకిల్‌ని కాలవలోకి తోలబోయేవాడు. ఆ మాటలు లేని ఇల్లు నాకు ఊహకి కూడా అందలేదు.

అందుకని ముందు రొయ్యల మేత కంపెనీనే చూసి వద్దామని బయల్దేరాను. మంచి ల్యాబ్. ఏసీ ఉంది, తెల్లటి గోడలు, కొత్త యంత్రాలు. యజమాని పెద్దమనిషి, నన్ను కూచోబెట్టి కాఫీ తెప్పించాడు.

"మాదంతా ఒకే కుటుంబంలా ఉంటామమ్మా" అన్నాడు.

"సెలవులు ఎలా ఉంటాయండి?"

"అడిగితే ఇస్తాం."

"పని వేళలండి?"

"పనయ్యేదాకా. మన పనే కదమ్మా."

"జీతం పెరగడం అదీ..."

"అదెప్పుడూ మా దృష్టిలో ఉంటుంది" అని చిరునవ్వు నవ్వాడు. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు. నిజంగానే మంచివాడిలా ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ పనిచేసే ఒకావిడ బస్సు దాకా తోడు వచ్చింది.

"మా సారు చాలా మంచోరండి. కాకపోతే మూడ్ చూసి అడగాలి" అంది.

"మూడ్ ఎలా తెలుస్తుందండి?"

"రొయ్యల రేటుని బట్టి అండి. పొద్దున్న రేటు తెలిసేదాకా మేమెవరం ఏమీ అడగం. మొన్న మా పాపకి జ్వరం వచ్చింది, అదే రోజు రేటు పడిపోయింది. ఇంక ఏమడుగుతాం? మా అత్తగారే చూసుకున్నారు."

ఆవిడ ఏ కష్టమూ చెప్పుకుంటున్నట్టు చెప్పలేదు. వాన పడితే గొడుగు వేసుకుంటాం అన్నంత మామూలుగా చెప్పింది. నాకు మాత్రం బస్సులో కూచున్నా అదే ఆలోచన. రేపు నాకు జ్వరం వస్తే రొయ్యల ధర చూసుకుని పడుకోవాలన్నమాట.

తరువాత ఫ్యాక్టరీ వంతు. అక్కడ కొత్తగా చేరబోయేవాళ్ళు ముందు యూనియన్ ఆఫీసుకి వెళ్ళి ఒక టీ తాగి రావడం రివాజు. మావయ్య తీసుకెళ్ళాడు. చేరమని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. దారిలో, "మీ నాన్నగారు వద్దంటే వద్దులేమ్మా. ఒక్కడితో మాటలు పోతేనే ఆయన మనసు ఎంత కష్టపడుతోందో నాకు తెలుసు" అన్నాడు. ఆయన మనసు సరే, నీ నోటి సంగతేంటని అడగబోయి ఊరుకున్నాను.

యూనియన్ ఆఫీసంటే గేటుకి ఎదురుగా పెంకుల షెడ్డు. సెక్రటరీ గారు పెద్ద వయసు మనిషి, పంచె కట్టుకుని పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే హడావిడిగా లేచి, ముందుగా ఒక విషయం చూపించాలని గేటు లోపలికి తీసుకెళ్ళారు.

"ఆడవాళ్ళకి విశ్రాంతి గది ఉండాలని యాజమాన్యంతో కొట్లాడి సాధించామమ్మా" అంటూ తలుపు తీశారు. లోపల జెండా కర్రలు, మైకు సెట్టు, షామియానా గుడ్డలు, ఒక డప్పు ఉన్నాయి. ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "ఇంతవరకూ ఆడవాళ్ళు లేరు కదా, అందాకా సామాన్లు పెట్టాం. నువ్వు చేరితే ఖాళీ చేయిస్తాను" అన్నారు.

మావయ్య టీలు చెప్పడానికి బయటికి వెళ్ళాడు. నేను ధైర్యం తెచ్చుకుని అడగదలుచుకున్నది అడిగేశాను.

"సమ్మె చేస్తే యార్డులో ఉన్న చెరకుని ఏం చేస్తారండి?"

ఆయన నా మొహంలోకి వింతగా చూశారు. "మీ మావయ్య చెప్పలేదా?"

"ఏంటండీ?"

"ఇప్పుడు మాకో రూలుందమ్మా. సమ్మె నోటీసు ముందే ఇస్తాం. ఇవ్వగానే కటింగ్ ఆర్డర్లు ఆపించేస్తాం. కోసేసినదంతా ఆడి, యార్డు ఖాళీ అయ్యాకే మిల్లు ఆపుతాం. ఆ తీర్మానం పెట్టింది మీ మావయ్యే. ఆ పాత సమ్మె తర్వాత జనరల్ బాడీలో లేచాడు. మేమందరం కుదరదన్నాం, సమ్మె పదును పోతుందన్నాం. అప్పుడేమన్నాడో తెలుసా? 'ప్రతి ఆదివారం మా బావగారింట్లో నల్లబెల్లం తింటున్నాను. ఆయన తిట్టడు, కొట్టడు. బెల్లం పెడతాడు. మీలో ఎవరన్నా ఒక్క ఆదివారం నా బదులు తినేసి రండి. వచ్చాక ఈ తీర్మానం వద్దనండి, ఒప్పుకుంటాను' అన్నాడు. ఒక్కడూ ముందుకి రాలేదు. తీర్మానం నెగ్గింది."

ఆయన నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళూ మావయ్య కోసం అటక మీంచి కుండ దించింది నేనే. ఆ ముక్కలు అక్కడిదాకా వెళ్ళాయని నాకు తెలియదు.

ఇంటికి ఎలా చేరానో నాకే తెలీదు, అంత వేగంగా వచ్చాను. నాన్న అరుగు మీద తాడు పేనుతున్నాడు. చెప్పులు కూడా విడవకుండా మొత్తం చెప్పేశాను. నాన్న తాడు మీంచి తల ఎత్తలేదు.

"తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"కటింగ్ ఆర్డర్లు తెచ్చే ఫీల్డ్‌మ్యాన్ అప్పుడే చెప్పాడు."

"మరి ఇన్నాళ్ళూ ఆ బెల్లం ఎందుకు పెడుతున్నావు నాన్నా?"

"తీర్మానం చెయ్యడం తేలికే అమ్మలూ. చేతులెత్తితే అయిపోతుంది. నిజంగా సమ్మె వచ్చి, అందరూ వేడి మీద ఉన్నప్పుడు ఆ మాట మీద నిలబడతారా లేదా అన్నది చూడాలి. యార్డు ఖాళీ చేశాకే మిల్లు ఆపారనుకో, అప్పుడు నమ్ముతాను. అందాకా కుండ అటక మీదే ఉంటుంది."

"నేను చేరితే?"

"చెప్పానుగా" అని మళ్ళీ తాడు అందుకున్నాడు.

చేరడానికి గడువు దగ్గర పడుతోంది. పొద్దున్న లేస్తే రొయ్యల కంపెనీ, మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ, సాయంత్రం నాన్న మొహం చూస్తే మళ్ళీ రొయ్యల కంపెనీ. అమ్మ విసిగిపోయి, "ఏదో ఒకటి తేల్చు, నీకు హాస్టలుకి పెట్టె కొనాలో, ఫ్యాక్టరీకి క్యారేజీ కొనాలో తెలియాలి" అంది. నేను మాత్రం రెండు చోట్లనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఉండిపోయాను. ఒకచోట మంచి మనిషి ఉన్నాడు, ఆయన మంచితనం రొయ్యల రేటుతో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. ఇంకోచోట మొండి మనుషులున్నారు, తప్పు చేశారు. కానీ బాయిలర్ దగ్గర మసిలో పనిచేసే ఒకడు లేచి, నా నోరు చేదుగా ఉంది అంటే, అందరికీ వర్తించే రూలు మారింది. నాకు అలాంటి చోట పని చెయ్యాలని ఉంది. ఇంకొకటి కూడా ఉంది. ఆ రూలుకి పరీక్ష వచ్చిన రోజున లోపల మా ఇంటి మనిషి ఇంకొకరుంటే మంచిదని అనిపించింది.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ నాన్నకి చెప్పాను. "ఫ్యాక్టరీలోనే చేరుతున్నాను నాన్నా."

నాన్న కాఫీ పూర్తిగా తాగాడు. గ్లాసు కింద పెట్టి, వంటింటి వైపు తిరిగి అమ్మని కేకేశాడు. "మీ అమ్మాయితో చెప్పు, క్యారేజీయే కొనుక్కోమని."

వినడానికి నవ్వొచ్చే మాటే. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. మాట మొయ్యడం ఎలా ఉంటుందో తెలుసు కానీ, మాటకి దూరం కావడం ఇలా ఉంటుందని తెలీదు.

ఉద్యోగం బావుంది. ఆడపిల్లనని జనరల్ షిఫ్టే ఇచ్చారు. సెక్రటరీ గారు మాట ప్రకారం గది ఖాళీ చేయించారు, డప్పు మాత్రం అక్కడే ఉంచేశారు. మిల్లులోంచి వచ్చే రసంలో తీపి ఎంతుందో కొలవడం నా పని. ఆ రసంలో ఏది నాన్న చెరకో తెలిసే వీలు లేదు, అందరిదీ కలిసే వస్తుంది. అయినా నాన్న బళ్ళు వచ్చిన రోజున గాజు గొట్టంలోకి ఇంకాస్త శ్రద్ధగా చూసేదాన్ని.

మొదటి రోజు పని నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగెక్కగానే, నాన్న అమ్మతో అన్నాడు. "మీ అమ్మాయికి బెల్లం పెట్టు."

అమ్మ కదల్లేదు. "అదేంటండీ, కన్నకూతురికి..."

"ఫ్యాక్టరీ మనిషి కదా. పెట్టు."

తిన్నాను. మావయ్య ఏళ్ళ తరబడి ఏం తిన్నాడో అప్పుడు తెలిసింది. ఆదివారం మావయ్యా నేనూ ఒకే వరసలో కూచుని చెరో ముక్కా అందుకున్నాం. "నమలకు, మింగెయ్యి. అలవాటైపోతుంది" అని గుసగుసగా సలహా ఇచ్చాడు. అందరికంటే కష్టం అమ్మకి వచ్చిపడింది. భర్త మాట తమ్ముడికీ, తమ్ముడి మాట భర్తకీ, మళ్ళీ మధ్యలో నేను. "నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజినా? ఒక చేత్తో పోపు వెయ్యనా, ఒక చేత్తో మీకు లైన్లు కలపనా?" అని గరిటె పట్టుకుని బయటికొచ్చేది. మేం ముగ్గురం తలొంచుకుని పేపరు చదువుకునేవాళ్ళం. పొద్దున్నే సైకిల్ మీద కబుర్లు మాత్రం లేవు. నేనే నడిచి వెళ్ళేదాన్ని.

మరుసటి సీజనులో సమ్మె నోటీసు ఇచ్చారు. ఏళ్ళ తరబడి సీజను పనే చేస్తున్నవాళ్ళని పర్మనెంటు చెయ్యమని గొడవ. రూలు ప్రకారం కటింగ్ ఆర్డర్లు ఆగిపోయాయి. కానీ యార్డు నిండా కోసిన చెరకు ఉంది. ఆ వరసలో మా ఇంటి బళ్ళూ ఉన్నాయి. ఆ రోజే యాజమాన్యం ఒక మాటకి ఒప్పుకుని మళ్ళీ కాదంది. దాంతో గేటు మీటింగులో కుర్రవాళ్ళు భగ్గుమన్నారు. యార్డు ఖాళీ అయ్యేదాకా ఎందుకాగాలి, ఇప్పుడే ఆపేద్దాం, మిల్లులో చెరకుండగా ఆపితేనే వాళ్ళకి బుద్ధొస్తుంది అన్నారు. మావయ్య లేచి రూలు గుర్తు చేశాడు. "నీ బావ బళ్ళున్నాయి కాబట్టి అంటున్నావ్" అని ఎవడో అరిచాడు. మావయ్య మొహం వాడిపోయింది. అప్పుడు ఆయన్ని చూస్తే, ఆనాడు గేటు దగ్గర ఇలాగే నిలబడి ఉంటాడని అనిపించింది.

నేను లేచాను. అంతమంది మగవాళ్ళ మధ్య అంతవరకూ ఎప్పుడూ నోరు విప్పలేదు.

"అవునండి, ఆ బళ్ళు మా నాన్నవి. పోయినసారి మిల్లు ఆపినప్పటి బెల్లం మా ఇంట్లో ఇంకా ఉంది. మావయ్యా తింటున్నాడు, ఈ ఉద్యోగంలో చేరినందుకు నేనూ తింటున్నాను. యార్డులో ఎవరెవరి బళ్ళున్నాయో ఒకసారి చూసి రండి. మీ మేనమామలవీ, మామగార్లవీ, అన్నదమ్ములవీ. ఇవాళ మిల్లు ఆపితే ఎవరెవరింట్లో కొత్త కుండలు అటకెక్కుతాయో మీరే చెప్పండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొందరు. అరిచినవాడు యార్డు వైపు తిరిగి చూశాడు. వాడి పెళ్ళాం తరఫు వాళ్ళ బండి మా బండి వెనకే ఉందని తర్వాత తెలిసింది. సెక్రటరీ గారు రూలుకి కట్టుబడేవాళ్ళని చెయ్యెత్తమన్నారు, ఎత్తారు. మిల్లు ఆడింది. ఆఖరి బండి ఖాళీ అయ్యి, యార్డులో ఆకూ అలమూ తప్ప ఏమీ మిగలని దాకా ఆడి, అప్పుడు ఆగింది.

మర్నాడు మేమందరం గేటు ముందు షామియానా కింద కూచున్నాం. ఎండ మండుతోంది. దూరంగా కాలవ గట్టు మీద ఒక ఒంటెద్దు బండి వస్తూ కనపడింది. చెరకు లేదు, బండి మీద రెండు ఇత్తడి బిందెలున్నాయి. తోలుతున్నది నాన్న.

బండి దిగి, ఎవరితోనూ ఏమీ అనకుండా, గ్లాసులు తీసి వరసగా అందరికీ పోసి ఇవ్వడం మొదలుపెట్టాడు. పానకం. మిరియాలు, యాలకులు వేసి చేసింది. నల్లగా ఉంది. ఆ నలుపు చూడగానే అది ఏ బెల్లమో నాకు అర్థమైపోయింది. ఒక్కొక్కళ్ళకీ ఇస్తూ చివరికి మా దగ్గరికొచ్చాడు. మావయ్య నా పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా కూచున్నాడు. నాన్న మా ఇద్దరికీ చెరో గ్లాసు ఇచ్చాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. అమ్మ అక్కడ లేదు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఆ తర్వాత నా కళ్ళలోకి చూశాడు.

"మీ మావయ్యతో చెప్పు, కుండ ఖాళీ అయిపోయిందని."

ఒక ఏడాది పైన అయ్యింది నాన్న గొంతు నాకోసం పలికి. నాకు కళ్ళు మసకలు కమ్మాయి. అయినా నా పాత ఉద్యోగం నాకు మళ్ళీ దొరికింది కదా, సరిగ్గా చెయ్యాలి. మావయ్య వైపు తిరిగి, "మావయ్యా, కుండ ఖాళీ అయిపోయిందట" అన్నాను.

మావయ్య గ్లాసు ఎత్తి చివరి చుక్క దాకా తాగాడు.

"మీ నాన్నగారితో చెప్పమ్మా" అన్నాడు, "బెల్లం బావుందని."

నేను చెప్పాను.